అందరూ వినే మాట

టేపు మాస్టారికి ఎత్తంటే భయం. బల్బు మాడిపోతే స్టూలెక్కడానికి కూడా భార్యనే పిలిచేవాడు. అలాంటి మనిషి పెరట్లో నలభై అడుగుల ఇనుప టవరు నిలబెడతానంటే వీధిలో ఒక్కరూ నమ్మలేదు.

ఆయన బట్టలు కుట్టే మనిషి. స్నానానికీ నిద్రకీ తప్ప మెడలోంచి టేపు తీయడు కనక ఆ పేరు వచ్చింది. వీధి మొదట్లో చిన్న కొట్టు, రెండు మిషన్లు. పొద్దస్తమానం పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని పని చెయ్యడం వల్ల మాటలు తగ్గించుకున్నాడో, మాటలు తక్కువ కాబట్టే ఆ పని అబ్బిందో చెప్పడం కష్టం. భార్య నర్సు. ఇరవై రెండేళ్ళు ఒకే ఆసుపత్రి, ఒకే వార్డు. పిల్లలు లేరు. ఆమె తల్లి వాళ్ళ దగ్గరే ఉంటుంది.

ఒకరోజు ఆమె డ్యూటీ నుంచి వస్తూ ఒక ఫారం తెచ్చి కుట్టుమిషను మీద పెట్టింది. ఎక్కడో భూగోళం అడుగు కొసన, మంచూ గాలీ తప్ప మరేమీ లేని దీవిలో వాతావరణం లెక్కలు చూసే స్టేషనుందట. అక్కడికి పద్నాలుగు నెలలకి నర్సు కావాలట. "ఒక్కసారైనా గోడలు లేని చోటు చూడాలని ఉంది. ఏమంటారు?" అంది.

ఆయన నోట్లోంచి సూదులు తీసి, "నీ ఇష్టం" అన్నాడు. మళ్ళీ సూదులు పెట్టుకున్నాడు.

ఆ తర్వాత రెండు నెలలు కూచుని ఆమెకి చలికోటు కుట్టాడు. లోపల రెండు పొరలు, మెడ దగ్గర గాలి దూరకుండా ఇంకో మడత. చెయ్యాల్సిందంతా చేతులే చేశాయి, నోరు మాత్రం కదల్లేదు. ఓడ దగ్గర ఆమె రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ఆయన మాత్రం కోటు భుజం దగ్గర ముడత పడిందేమో అని చూస్తూ నిలబడ్డాడు.

ఆమె వెళ్ళాక గానీ తెలియలేదు. నైట్ డ్యూటీ దిగి పొద్దున్నే కొట్టుకొచ్చి, పక్కన స్టూలు మీద కూచుని టిఫిను తింటూ వార్డు కబుర్లన్నీ చెప్పేది. ఆయన తలెత్తకుండా గుడ్డ కత్తిరిస్తూ ఉండేవాడు. వింటున్నట్టు కూడా ఉండేవాడు కాదు. ఇప్పుడా గొంతు లేకపోయేసరికి కత్తెర దారి తప్పింది. ఒక ప్లీడరుగారి కోటుకి రెండూ ఎడమచేతులే కత్తిరించాడు. ప్లీడరుగారు నవ్వి ఊరుకున్నాడు గానీ, మాస్టారికి మాత్రం ఆ రెండు ఎడమచేతుల్నీ చూస్తే ఏడుపొచ్చినంత పనైంది.

ఫోను ఉండటానికి ఉంది. స్టేషను పనులకి వాడగా మిగిలిన టైములో, పదిహేను రోజులకోసారి మనిషికి ఆరు నిమిషాలు. ఇక్కడి మాట అక్కడికి చేరేలోగా అక్కడి మాట బయల్దేరేది, రెండూ మధ్యలో గుద్దుకునేవి. "ఏంటీ?" "ఏంటీ?" అనుకోవడంతోనే సగం టైము అయిపోయేది. మిగతా సగం అత్తగారు లాక్కునేది.

అలా ఉండగా డిట్‌డా బాబాయి ప్యాంటు నడుము బిగించుకోడానికి కొట్టుకొచ్చాడు. ఓడల్లో వైర్‌లెస్ చూసి రిటైరైన పెద్దాయన. కూచుంటే చాలు, వేళ్ళతో బల్లమీద డిట్ డా డిట్ అని కొడుతూ ఉంటాడు. సంగతంతా విని, "పిచ్చివాడా, అలాంటి చోట్ల హామ్ రేడియో, మనలాంటి మామూలు మనుషులు మాట్లాడుకునే రేడియో, ఉండకుండా ఉంటుందా?" అని ఇంటికి తీసుకెళ్ళాడు. నాలుగు రోజులు సాయంత్రం పూట కూచోబెడితే, అయిదో రోజు హోరులోంచి ఒక మగగొంతు వినిపించింది. అతను చెప్పుకున్న గుర్తు విని, అది ఆ స్టేషను వాతావరణం ఆఫీసరు గొంతని బాబాయి చెప్పాడు. ఎవరితోనో గాలి వేగం గురించి మాట్లాడుతున్నాడు. అరనిమిషంలో మాయమైపోయాడు.

మాస్టారు చెవులకున్న హెడ్‌ఫోన్లు తీయలేదు. ఆ గొంతు వచ్చిన గదికి నాలుగు గదుల అవతల ఆమె ఉంటుంది. అంతే ఆయన ఆలోచన.

బాబాయి ఇంటికి సరిగ్గా ఆ దిక్కునే కొత్తగా ఆరంతస్తుల బిల్డింగు లేచింది. అక్కణ్ణించి అంతకన్నా కుదరదు. మాస్టారి పెరటికి మాత్రం ఆ వైపు ఏ అడ్డూ లేదు. అయితే దానికి టవరు కావాలి. అంతకన్నా ముందు రేడియోలో మాట్లాడటానికి లైసెన్సు కావాలి. నలభై తొమ్మిదేళ్ళ వయసులో మాస్టారు పరీక్షకి కూచున్నాడు. మొదటిసారి తప్పాడు. బట్టల మీద సుద్దతో సర్క్యూట్లు గీసుకుని చదివి, రెండోసారి గట్టెక్కాడు. ఒక ఖాతాదారుడి షర్టు వెనక రెసిస్టరు బొమ్మ ఉతికినా పోలేదని కొన్నాళ్ళు చెప్పుకున్నారు.

టవరు పని గొయ్యితో మొదలైంది. నడుం లోతు తవ్వి, కాంక్రీటు పోసి, అందులో టవరు కాళ్ళకి బోల్టులు నిలబెట్టారు. అది గట్టిపడటానికి మూడు వారాలు తడపాలన్నాడు బాబాయి. అత్తగారు అంతకుముందు రోజు వరకూ "ఇంటి నెత్తిన ఈ ఇనుప నిచ్చెన దేనికి, పిడుగుని పిలిచి పీట వెయ్యడానికా?" అని సణిగిన మనిషే. మర్నాడు పొద్దున్నే చెంబు పట్టుకుని కాంక్రీటు దగ్గర కనిపించింది. పూటపూటకీ మొక్కకి పోసినట్టు పోసింది. పిడుగుల సంగతికి బాబాయి రాగి కడ్డీ ఒకటి భూమిలో లోతుగా దిగ్గొట్టి చూపించాక సణుగుడు కూడా ఆపేసింది.

అసలు చిక్కు తీగల దగ్గర వచ్చింది. టవరు గాలికి ఊగకుండా మూడు వైపులా ఉక్కు తీగలు లాగి కట్టాలి. రెండింటికి చోటుంది. మూడోది పక్కింటి పెరట్లోకి వెళ్ళి తీరాలి. పక్కింటావిడకీ అత్తగారికీ మూడేళ్ళుగా మాటల్లేవు. మేడమీద నీళ్ళ గొట్టం ఎవరి వైపు వంచాలన్న దగ్గర మొదలై, నీ మొహం చూడనంటే నీ మొహం చూడననే దాకా వెళ్ళింది. మాస్టారు గేటు దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కొచ్చేశాడు. మూడోరోజు అత్తగారు చీర మార్చుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్ళింది. గంటన్నర తర్వాత కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, "కొక్కెం ఎక్కడ పాతుకుంటారో పాతుకోమంది. ఆవిడ గులాబీ కుండీ మాత్రం కదపొద్దంది" అని చెప్పి లోపలికెళ్ళింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో మాస్టారు అడగలేదు. గొట్టం మర్నాటికల్లా ఇటువైపు వంగింది.

నిలబెట్టే రోజు వచ్చింది. టవరు నాలుగు ముక్కలు. ఒక ముక్క నిలబెట్టి, దాని మీదకెక్కి, కప్పీ తాడుతో రెండో ముక్క పైకి లాక్కుని బోల్టులు బిగించాలి. బాబాయికి మోకాళ్ళు పట్టేశాయి. వెల్డరు వచ్చాడు గానీ, మూడు ముక్కలు పెట్టాక వేరే పిలుపొచ్చి, సాయంత్రం వస్తానని చెప్పి వెళ్ళాడు. సాయంత్రం రాలేదు. మర్నాడూ రాలేదు. మూడోరోజుకి మాస్టారు నడుముకి బెల్టు కట్టుకుని తనే ఎక్కాడు.

పది అడుగుల దగ్గర ఆగాడు. కిందనుంచి బాబాయి, "కిందకి చూడకు అబ్బాయ్, నీ ఎదురుగా ఉన్న బోల్టు చూడు" అన్నాడు. బోల్టు తర్వాత బోల్టు, కుట్టు తర్వాత కుట్టు వేసినట్టు ఎక్కాడు. నాలుగో ముక్క బిగించాడు. తీగలు బిగిస్తున్నప్పుడు టవరు బొటనవేలంత పక్కకి ఒరిగిందని బాబాయి గుండుతాడు పట్టి చూసేలోపే మాస్టారు చెప్పేశాడు. ప్యాంటు కాళ్ళు ఒక నూలు పోగు తేడా వస్తే పట్టే కళ్ళు ఆయనవి. చివరికి యాంటెన్నా పైకి వచ్చింది. అల్యూమినియం గొట్టాలతో పెద్ద చేపముల్లులా ఉంది. దాన్ని దిక్సూచి చెప్పిన వైపు తిప్పి బిగించాలి.

బిగించాక మాస్టారు మొదటిసారి తలెత్తి ఆ దిక్కుకేసి చూశాడు. ఇళ్ళ కప్పులు, నీళ్ళ ట్యాంకులు, ఆరేసిన దుప్పట్లు, ఎక్కడో ఒక ఫ్యాక్టరీ పొగగొట్టం. ఆ తర్వాత తెల్లటి ఆకాశం. అంతకన్నా ఏం కనిపిస్తుంది? అయినా బెల్టు మీద బరువు వేసి చాలాసేపు అలాగే చూశాడు. కింద అత్తగారు అన్నం చల్లారిపోతోందని పిలిచింది. పిలిచి, ఆయన మొహం ఎటు ఉందో చూసి, మళ్ళీ పిలవలేదు.

గురువారం సాయంత్రం అయిదింటికి కలుద్దామని ముందే ఫోనులో అనుకున్నారు. ఆ గురువారం బాబాయి ఒక పక్క, అత్తగారు ఒక పక్క. మాస్టారు పిలిచిన పిలుపు మూడుసార్లు హోరులో కలిసిపోయింది. నాలుగోసారి ఆఫీసరు గొంతు గంట కొట్టినట్టు వచ్చింది. మర్యాదలయ్యాక, "ఇదిగో, మీకోసం ఒకరు కుర్చీలో కూచోలేక నిలబడి ఉన్నారు" అన్నాడు.

"ఏమండీ," అంది ఆమె. "నేనే. ఓవర్." నా మాట అయింది, ఇక మీ వంతు అని చెప్పడం అది.

మాస్టారు చెప్పాలనుకున్నవి ఒక కాగితం మీద రాసుకున్నాడు. అది చేతిలోనే ఉంది. "బాగున్నావా? ఇక్కడ పంపు కారుతుంటే వాషరు మార్పించాను. ఓవర్," అన్నాడు.

ఆమె అక్కడి గాలి గురించి చెప్పింది. గాలికి తలుపు తెరవాలంటే ఇద్దరు కావాలట. కోటు బాగా పనికొస్తోందట. అత్తగారు మైకు లాక్కుని, కిటికీలోంచి టవరు వైపు తిరిగి గట్టిగా అరుస్తూ మాట్లాడింది. అంత దూరం వినపడాలంటే అరవకపోతే ఎలా అంది. అరగంటకి గొంతులు పలచబడి హోరులోకి జారిపోయాయి.

అప్పటినుంచీ ప్రతి గురువారం మాట్లాడుకున్నారు. మాట్లాడుకున్నారనడమే గానీ, పంపులూ గాలులూ దాటి ఎప్పుడూ వెళ్ళలేదు. దానికో కారణం ఉంది. రేడియోలో మాటకి గోడలుండవు. ఆ ఫ్రీక్వెన్సీ మీద చెవి పెట్టిన ప్రతివాడూ వింటాడు. రెండో నెలలో ఎవరో ఊరూ పేరూ తెలియని ఆయన పోస్టు కార్డు రాశాడు. "మీ గురువారాలు వింటుంటాను. సిగ్నలు చాలా బాగుంది. పంపు మళ్ళీ కారుతోందా?" అని. మాస్టారు ఆ కార్డు చదివి చెవులదాకా ఎర్రబడ్డాడు. ఇరవై ఏళ్ళు నాలుగు గోడల మధ్య చెప్పలేనిది, లోకం అంతా వింటుంటే ఏం చెబుతాడు? సగం రాసిన కాగితాలు మిషను సొరుగులో పోగుపడ్డాయి.

ఆమె వెళ్ళాక పద్నాలుగో నెల వచ్చింది. ఒక గురువారం ఆమె గొంతు మామూలుగా లేదు. ఓడ ఇరవయ్యో తారీకున వస్తుందని చెప్పింది. తన బదులు రావాల్సిన నర్సుకి కాలు విరిగిందట. ఈ ఓడ వెళ్ళిపోతే ఎనిమిది నెలలు మంచు, మళ్ళీ ఏ ఓడా రాదు. స్టేషనులో పంతొమ్మిది మంది, అందులో ఒకతనికి గుండె జబ్బు. ఈ చలికాలం కూడా ఉండమని అడుగుతున్నారు.

"ఏమంటారు? ఓవర్," అంది.

మాస్టారు మైకు దగ్గరికి లాక్కున్నాడు. ఆయన నోటికి అలవాటైన మాటే వచ్చింది. "నీ ఇష్టం. ఓవర్."

"సరే. ఆలోచిస్తాను," అని ఆమె మైకు ఆఫీసరుకి ఇచ్చేసింది.

అత్తగారు ఎప్పుడూ అల్లుణ్ణి మీరు అనే అంటుంది. కంచం దగ్గర కూడా ఎదురుగా కూచోదు. ఆ సాయంత్రం వచ్చి ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూచుంది.

"నువ్వు పెరట్లో అంత టవరు కట్టింది ఆ రెండు ముక్కలు చెప్పడానికా నాయనా?"

మాస్టారు మెడలోని టేపు వేలికి చుట్టుకున్నాడు.

"వెళ్ళేటప్పుడూ అదే అన్నావు. ఓడ ఎక్కే ముందురోజు అది నా దగ్గర కూచుని ఏం చెప్పిందో తెలుసా? ఆయన వద్దన్నా వెళ్తానమ్మా, కానీ ఒక్కసారి వద్దంటే బాగుండు, విని వెళ్ళేదాన్ని అంది."

అత్తగారు కుర్చీ ఎక్కడిది అక్కడ పెట్టి, వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు సర్దుకుంది. మాస్టారు మర్నాడు కొట్టు తెరవలేదు. ఇష్టం నీదే అంటే గౌరవం అనుకున్నాడు ఇన్నాళ్ళూ. అవతలి మనిషికి అది మూసిన తలుపులా వినిపిస్తుందని ఆయనకెవరూ చెప్పలేదు. చెప్పినా, సూదులు తీసి వినేవాడు కాదేమో.

తర్వాతి గురువారం దాకా ఆగక్కర్లేదు, శనివారం ప్రయత్నిద్దామనుకున్నాడు. శుక్రవారం పెద్ద గాలి వచ్చింది. శనివారం రేడియో పెడితే హోరు తప్ప మరేమీ లేదు. ఆదివారమూ అంతే. బాబాయి పెరట్లోకొచ్చి పైకి చూసి నాలిక్కరుచుకున్నాడు. టవరు చెక్కు చెదరలేదు గానీ, చేపముల్లు జారి పక్కకి తిరిగిపోయింది. ఇప్పుడది ఆ దీవి వైపు కాదు, ఫ్యాక్టరీ పొగగొట్టం వైపు చూస్తోంది. గాలి తగ్గేదాకా ఎక్కొద్దన్నాడు బాబాయి. సోమవారం, మంగళవారం తగ్గలేదు. గురువారం ఇరవయ్యో తారీకు.

బుధవారం మధ్యాహ్నం మాస్టారు బెల్టు కట్టుకున్నాడు. బాబాయి వద్దన్నాడు. పక్కింటావిడ గోడమీంచి వద్దంది. అత్తగారు మాత్రం బెల్టు ముడి రెండుసార్లు లాగి చూసి పక్కకి తప్పుకుంది. పైన గాలికి టవరు సన్నగా మూలుగుతోంది. ముప్ఫై అడుగుల దగ్గర ఆయన కళ్ళు మూసుకుని, రెండు చేతులా ఇనుము కావలించుకుని కాసేపు ఉండిపోయాడు. మళ్ళీ ఎక్కాడు. వేళ్ళు కొంకర్లు పోతుంటే నట్టు వదులు చేసి, గొట్టాన్ని భుజంతో నెట్టి తిప్పాడు. దిక్సూచి చూడలేదు. ఆ దిక్కు ఆయనకి కంఠతా వచ్చు.

అయిదింటికి ఆఫీసరు గొంతు పక్కగదిలో ఉన్నట్టు వచ్చింది. "గురువారం రేపు కదా మాస్టారూ? ఇవాళ మీ సిగ్నలు అద్దంలా ఉంది. ఉండండి, పిలుస్తాను."

ఆమె వచ్చింది. ఆయన కాగితం తీయలేదు.

"నేను చెప్పేది మధ్యలో ఆపకుండా విను. ఆపడం కుదరదులే," అన్నాడు. "నువ్వు లేకుండా నాకు బాగాలేదు. నువ్వెళ్ళిన రోజునుంచీ బాగాలేదు. పొద్దున్నే స్టూలు ఖాళీగా ఉంటే చెయ్యి ఆడటం లేదు. వెళ్ళొద్దని అప్పుడే అనాలనుకున్నాను, అనలేకపోయాను. నిన్ను చూడాలని ఉంది. ఓవర్."

హోరు. అలలు పొర్లినట్టు హోరు. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మళ్ళీ చెప్పండి," అంది ఆమె గొంతు. "సరిగా వినపడలేదు. ఓవర్."

అద్దంలా ఉందని ఆఫీసరు అంతకుముందే చెప్పాడు. అయినా మాస్టారు మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు. రెండోసారి ఇంకాస్త నిదానంగా చెప్పాడు.

అప్పుడు మధ్యలో ఎవరిదో ముసలి గొంతు వచ్చింది. ఎవరో, ఎక్కణ్ణించో. "మధ్యలో వచ్చినందుకు క్షమించండి. ఇక్కడ వింటున్న వాళ్ళందరికీ ఒక మాట. ఈ ఫ్రీక్వెన్సీ ఇవాళ వీళ్ళిద్దరిదీ. మనం వేరే చోటికి పోదాం," అని చెప్పి ఆగిపోయింది. వెళ్ళారో లేదో ఎవరికి తెలుసు? కానీ ఆ తర్వాత మాస్టారికి లోకం వింటోందన్న స్పృహ లేదు.

ముప్పావుగంట మాట్లాడుకున్నారు. రాత్రిపూట గాలికి గది గోడలు వణుకుతుంటే ఆయన మిషను చప్పుడు గుర్తు తెచ్చుకుంటానని ఆమె చెప్పింది. గోడలు లేని చోటు చూశానని, చూడటం బాగానే ఉందని, పక్కన చెప్పుకోడానికి మనిషి లేకపోతే చూసింది చూసినట్టుండదని చెప్పింది. గుండె జబ్బతని గురించి కూడా చెప్పింది. ఆరోజు పొద్దున కూడా అతని చెయ్యి పట్టుకుని నాడి చూసిందట. చివరికి, "ఉండాల్సి వచ్చేలా ఉందండీ," అంది. ఏమంటారు అని మాత్రం అడగలేదు.

"నాకు ఇష్టం లేదు," అన్నాడు మాస్టారు. "అయినా ఉండు. అతన్ని వదిలేసి వస్తే నువ్వు నువ్వులా రావు. ఓవర్."

ఆమె నవ్విందో, ఏడ్చిందో. ఆ హోరులో రెండూ ఒకలాగే ఉన్నాయి.

మర్నాడు ఓడ ఆమె లేకుండానే బయల్దేరింది. చలికాలం మొదలయ్యేసరికి రేడియో దారులు కూడా పాడయ్యాయి. నాలుగు గురువారాల్లో ఒకటి పలికితే గొప్ప. పలకని రోజున కూడా మాస్టారు అయిదింటికి కొట్టు మూసి వచ్చి కూచుంటాడు. తను చెప్పాల్సింది ఎలాగూ గాలిలోకి చెప్పేస్తాడు. ఇక్కడికి వినపడకపోయినా అక్కడికి వినపడుతోందేమో, కొన్నిసార్లు అలా ఒకవైపే దారి తెరుచుకుంటుందని బాబాయి అన్నాడు. అందుకని కొట్లో ఆ వారం ఎవరెవరొచ్చారో, ఎవరికి పెళ్ళికోటు బిగుతైందో, అత్తగారూ పక్కింటావిడా కలిసి ఎక్కడికెళ్ళొచ్చారో అన్నీ వరసగా చెబుతాడు. ఇన్నేళ్ళలో అన్ని మాటలు ఆయన ఎన్నడూ ఆడలేదు.

చలికాలం అయిదో నెలలో ఒక గురువారం అలా చెబుతూ, చెబుతూ ఆపి, వినడానికి మీట వదిలాడు. హోరు అడుగునుంచి, చాలా దూరంగా, సగం విరిగిన ఆమె మాటొకటి పైకి తేలింది. "...తున్నాను," అంది. వస్తున్నాననో, వింటున్నాననో. అంతలోనే మునిగిపోయింది.

మాస్టారు హెడ్‌ఫోన్లు రెండు చేతులా చెవులకేసి అదుముకుని, చీకటి పడే దాకా అక్కడే కూచున్నాడు.